చదవలేని ఒప్పందం: అరబ్బీ అంతర్జాలం ముందు తెలుగు కార్మికుడు



స్మారకోపన్యాసం సాధారణంగా ఒక మహనీయుడి పేరు మీద జరుగుతుంది. ఇవాళ మనం తలుచుకుంటున్నవారి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, వేములవాడ పల్లెల నుంచి దుబాయి, మస్కట్, దమ్మాం, దోహా, కువైట్ బాట పట్టి, చివరికి పేటికలో శంషాబాద్ విమానాశ్రయానికి చేరుకున్నవారు వాళ్లు. పేటికను అందుకోవడానికి వెళ్లిన కుటుంబం చేతికి కొన్ని కాగితాలు కూడా వస్తాయి. వాటిలో ముఖ్యమైనది మరణ ధ్రువీకరణ పత్రం. దాని మూలం అరబ్బీలో ఉంటుంది. కొడుకు ఎందువల్ల చనిపోయాడో చెప్పే ఆ ఒక్క వాక్యాన్ని తల్లి చదవలేదు. ఊళ్లో ఉర్దూ వచ్చిన పెద్దమనిషి అక్షరాలు కూడబలుక్కుంటాడు గాని అర్థం చెప్పలేడు. బీమా సొమ్ముకైనా, బకాయి జీతానికైనా, వారసత్వ ధ్రువీకరణకైనా ఆ కాగితమే ఆధారం.

ఈ ఉపన్యాసానికి ఇంటర్నెట్ స్వేచ్ఛను విషయంగా ఎంచుకోవడానికి కారణం ఆ కాగితమే. ఇంటర్నెట్ స్వేచ్ఛ అంటే నగరాల్లోని చదువరులకు, పాత్రికేయులకు సంబంధించిన వ్యవహారమన్న భావన మనలో ఉంది. నేను దాన్ని వలస కార్మికుడి వైపు నుంచి చూడదలచుకున్నాను. తనను కట్టి ఉంచే రాతను తనకు వచ్చిన భాషలో చదువుకోగలగాలి. తనకు జరిగినదాన్ని తన భాషలో భయం లేకుండా చెప్పుకోగలగాలి. ఈ రెండూ ఉన్నప్పుడే ఆ స్వేచ్ఛ అతనిది అవుతుంది. మొదటిది లేనివాడికి రెండోది దక్కినా నిలవదన్నది నా వాదం.

ఈ ప్రాంతానికి ఇది కొత్త అనుభవం కాదు. నిజాం రాజ్యంలో కచేరీ భాష మొదట పారసీ. 1880లలో దాని స్థానంలోకి ఉర్దూ వచ్చింది. తెలుగు రైతుకు ఆ మార్పుతో ఒరిగిందేమీ లేదు. శిస్తు రసీదైనా, అప్పు పత్రమైనా, జప్తు నోటీసైనా అతను వేలిముద్ర వేయవలసిందే. అందులో ఏముందో పట్వారీ నోటి నుంచి వినవలసిందే. చదివి చెప్పేవాడి నిజాయితీ మీదే అతని పొలం ఆధారపడి ఉండేది. ఇందులో తప్పు ఉర్దూది కాదు. ఈ సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి గారు డిగ్రీ దాకా ఉర్దూ మాధ్యమంలోనే చదువుకుని, తెలుగు కవిగా 1988 జ్ఞానపీఠ పురస్కారం పొందారు. ఉర్దూ ఆయన కవిత్వానికి సొంపు తెచ్చిందే తప్ప అడ్డం రాలేదు. చదువుకునే అవకాశం దొరికినవాడికి పరభాష సంపద అయింది. అవకాశం లేనివాడిని అదే భాష గుమ్మం బయట నిలబెట్టింది.

మాట మీద కట్టడి కూడా అప్పటిదే. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేసి మాట సాగనివ్వలేదు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. సభ జరుపుకోవాలంటే సర్కారు అనుమతి ఉండాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు శాసించింది. అలాంటి కాలంలో 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రికను ప్రారంభించారు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. తెలుగు అచ్చులో కనిపించడమే ఒక హక్కును ప్రకటించుకోవడం అయిన రోజులవి. ఆ కట్టడి నిజాంతోనే పోలేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు జైత్రయాత్ర జరిపారు. మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. నలుగురు ఒకచోట కూడి మాట్లాడుకోవడమే అనుమానాస్పదమైన ఆ ఏళ్లలోనే ఇక్కడి యువకుల ముందు గల్ఫ్ దారి తెరుచుకుంది. 1973 తర్వాత పెరిగిన చమురు ధరలతో అక్కడ రోడ్లు, రేవులు, మేడలు లేస్తున్నాయి. ఇక్కడ వానలు లేవు, బావుల్లో నీళ్లు లేవు, మగ్గానికి గిట్టుబాటు లేదు. మగవాళ్లు విమానమెక్కితే, వెనక మిగిలిన ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు నెట్టుకొచ్చారు.

ఈ సందర్భంలో మనం మరిచిపోయిన ఒక చరిత్రను గుర్తు చేయవలసి ఉంది. అరబ్బీ భాష తెలంగాణకు పరాయిది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు బతుకుదెరువు కోసం హైదరాబాదు వచ్చి నిజాం సైన్యంలో చేరారు. వారి సంతతి ఇవాళ్టికీ బార్కస్‌లో ఉంది. అంటే ఒకప్పుడు వలస అటు నుంచి ఇటు సాగింది. 1888లో హైదరాబాదులో స్థాపించిన దాయిరతుల్ మారిఫ్ సంస్థ అరుదైన అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చు వేసి ప్రపంచానికి అందించింది. అల్ బిరూనీ ఖగోళ గ్రంథం ‘అల్ ఖానూన్ అల్ మసూదీ’ 1954-56 మధ్య మూడు సంపుటాలుగా వెలువడింది ఇక్కడి నుంచే. భారతదేశం గురించి ఆయన రాసిన గ్రంథపు అరబ్బీ మూలం కూడా 1958లో ఇక్కడే అచ్చయింది. అరబ్బు దేశాల పండితులు సైతం హైదరాబాదు ప్రతులను ఆధారంగా తీసుకునేంత పాండిత్యం ఈ నేల మీద వర్ధిల్లింది. చిలుకూరి నారాయణరావు గారు గత శతాబ్దపు తొలి దశకాల్లోనే ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చారు. ఇంత పాండిత్యం ఉన్న రాష్ట్రంలో, దాదాపు రెండు వందల కిలోమీటర్ల అవతల కోరుట్ల యువకుడికి అతని కూలి ఒప్పందాన్ని అరబ్బీ నుంచి చదివి చెప్పే ఏర్పాటు లేకపోయింది. ఈ రెంటి మధ్య దూరాన్ని నేను మన విద్యావ్యవస్థ వైఫల్యంగానే భావిస్తున్నాను. పాండిత్యం గ్రంథాలయంలోనే ఆగిపోయింది.

ఇక సాంకేతికత సంగతి. కంప్యూటరు లాటిన్ లిపిని మనసులో పెట్టుకుని పుట్టింది. కుడి నుంచి ఎడమకు సాగుతూ, పదంలో ఉన్న చోటును బట్టి రూపం మార్చుకునే అరబ్బీ అక్షరం దానికి అర్థం కాలేదు. ఒత్తులు, గుణింతాలతో అల్లుకునే తెలుగు అక్షరమూ అంతే. ఈ రెండు లిపులూ ఒకే పోరాటం చేశాయి. 1982లో కువైట్‌లో మహమ్మద్ అల్ షారిఖ్ సఖ్ర్ సంస్థను స్థాపించి కంప్యూటరుకు అరబ్బీ నేర్పే పని చేపట్టారు. అదే గడ్డ మీద తెలుగువాళ్లు ఇళ్లు కడుతున్న, వంటలు చేస్తున్న కాలమది. తొంభైల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు యువకులు రోమన్ లిపిలో కొట్టిన తెలుగును తెలుగు అక్షరాల్లోకి మార్చే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. అరబ్బు యువతరం తమ భాషను ఫోన్లలో రోమన్ అక్షరాలతో, అందులో లేని ధ్వనులకు అంకెలు వాడుకుని రాసుకుంది. మన పిల్లలు రోమన్ తెలుగులో సందేశాలు పంపుకున్నారు. 1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణంలో రెండు లిపులకూ చోటు దొరికింది.

చోటు దొరికినంత మాత్రాన గౌరవం దక్కలేదనడానికి రెండు సంఘటనలు చాలు. 2013 ఆగస్టులో ఒక అరబ్బీ అక్షరాల వరుస ఐఫోన్లను, మ్యాక్ కంప్యూటర్లను కుప్పకూల్చింది. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అనే ఒక్క అక్షరం తెర మీదికి రాగానే ఐఫోన్లు స్తంభించాయి. ప్రపంచపు అగ్రశ్రేణి సంస్థ తన యంత్రాన్ని అమ్మే ముందు కోట్ల మంది రోజూ రాసే అక్షరాన్ని పరీక్షించలేదన్నమాట. అప్పట్లో మనవాళ్లు కూడా ఆ వార్తను వినోదంగా చెప్పుకున్నారు. అది వినోదం కాదు. మన భాష ఆ యంత్రం తయారీలో లెక్కలోకి రాలేదన్న సాక్ష్యం.

అయితే అక్కడి నుంచి రెండు భాషల దారులు వేరయ్యాయి. అరబ్బీ వెనక రాజ్యాలు నిలబడ్డాయి. 2010 మే నెలలో ఇంటర్నెట్ చిరునామాల్లో లాటిన్ కాని లిపులకు తొలిసారి దేశస్థాయి గుర్తింపు వచ్చినప్పుడు ముందు వరుసలో ఉన్నవి ఈజిప్టు, సౌదీ అరేబియా, యూఏఈ. మూడూ అరబ్బీలోనే. గూగుల్ అనువాద సేవలోకి అరబ్బీ 2006లోనే వచ్చింది. తెలుగు చేరడానికి 2011 దాకా ఆగవలసి వచ్చింది. 2023లో అబుదాబిలో ‘జైస్’ పేరుతో అరబ్బీ ప్రధానంగా భారీ భాషా నమూనాను నిర్మించారు. తన భాష కోసం ఒక సమాజం ఇంత పట్టుదల చూపడం అభినందించదగ్గ విషయం. అందులో నేర్చుకోవలసింది మనకు చాలా ఉంది.

ఆ ప్రగతి ఫలితంగా గల్ఫ్ రాజ్యాల పాలన దాదాపు పూర్తిగా ఫోను తెర మీదికి చేరింది. సౌదీలో అకామా (నివాస అనుమతి) వివరాలు, ఖురూజ్ (దేశం విడిచే) అనుమతులు అబ్షర్ వంటి ప్రభుత్వ వేదికల్లో నడుస్తాయి. జీతం బ్యాంకు ద్వారానే పడాలన్న పద్ధతిని యూఏఈ 2009లో తెచ్చింది. కార్మికుడికి మేలు చేసిన చర్యల్లో ఇది ఒకటని ఒప్పుకోవాలి. కానీ సౌదీలో అదే తెర మీద యజమాని ‘హురూబ్’ అని నమోదు చేయిస్తే, పనిచోటు విడిచి పారిపోయాడన్న ముద్ర పడి కార్మికుడు చట్టవిరుద్ధ నివాసిగా మారిపోవచ్చు. ఫోనుకు వచ్చిన సందేశం ఏమిటో తెలియక, తన మీద ముద్ర పడిన సంగతి పోలీసులు ఆపినప్పుడు గాని తెలియనివాళ్లు ఉన్నారు. అలా ఖల్లివల్లిగా, అంటే చెల్లని పత్రాల మనిషిగా మారినవాడు ఆస్పత్రికి పోవడానికీ జంకుతాడు.

చట్టం ఏం చెబుతోందో చూద్దాం. సౌదీ కార్మిక చట్టం తొమ్మిదో అధికరణం ప్రకారం ఒప్పందాలు, రికార్డులు అరబ్బీలో ఉండాలి. పక్కన మరో భాష ఉన్నా తేడా వస్తే అరబ్బీ పాఠమే చెల్లుతుంది. యూఏఈలో 2022 దాకా అమల్లో ఉన్న 1980 నాటి కార్మిక చట్టమూ అదే సూత్రాన్ని పెట్టుకుంది. ఏ రాజ్యానికైనా తన భాషను ప్రమాణంగా ఉంచుకునే అధికారం ఉంది. దాన్ని నేను ప్రశ్నించను. ప్రశ్నంతా రెండో పాఠం గురించి. కార్మికుడికి తెలియకుండా ఒప్పందం మార్చే మోసాలను అరికట్టడానికి యూఏఈ 2016 జనవరి నుంచి ఒక మంచి నిబంధన తెచ్చింది. ఉద్యోగ ప్రతిపాదన పత్రం అరబ్బీ, ఇంగ్లీషులతో పాటు కార్మికుడికి అర్థమయ్యే మూడో భాషలో కూడా ఉండాలంది. అప్పుడు ప్రకటించిన భాషల్లో హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళం, తమిళం, నేపాలీ ఉన్నాయి. తెలుగు లేదు.

ఈ ఒక్క విషయం దగ్గర నేను కొంచెం ఆగుతాను. అప్పటికి మన వలసకు నలభై ఏళ్లు. కరీంనగర్, నిజామాబాదు పల్లెలు, అటు కడప, గోదావరి జిల్లాలు తరతరాలుగా మనుషులను పంపుతున్నాయి. అయినా ఆ జాబితాలో మన భాష లేదన్న సంగతి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చర్చకు రాలేదు. మలయాళీలు సంఘాలుగా, పత్రికలుగా, ప్రభుత్వంగా అక్కడ కనిపించారు. మనం కూలీలుగా మాత్రమే కనిపించాం. మనవాళ్లు హిందీ మాట్లాడతారు కదా అని కొందరంటారు. క్యాంపులో నాలుగు మాటలు మాట్లాడటం వేరు, సేవానిబంధనలు చదివి అర్థం చేసుకోవడం వేరు. తెలుగు మాధ్యమంలో పదో తరగతి దగ్గరే ఆగిపోయిన యువకుడికి హిందీ ఒప్పందం అరబ్బీ ఒప్పందం కంటే పెద్దగా దగ్గరిది కాదు.

ఇక మాట స్వేచ్ఛ. యూఏఈలో వాట్సాప్ కాల్ పనిచేయదు. 2018 జనవరిలో స్కైప్ సేవ కూడా ఆగిపోయింది. అనుమతి ఉన్న బోటిమ్ వంటి వాటికి అప్పట్లో ఫోను ప్యాకేజీ నెలకు 50 దిర్హాములు. వెయ్యి దిర్హాములు జీతమున్నవాడికి అది ఇంటికి పంపే సొమ్ములో కోత. సౌదీ 2017 సెప్టెంబరులో చాలా కాల్ సేవల మీద నిషేధం ఎత్తేసింది. కొందరు దొడ్డిదారిగా వీపీఎన్ పెట్టుకుంటారు. యూఏఈ సైబర్ నేరాల చట్టం ప్రకారం నేరం చేయడానికో, నేరాన్ని దాచడానికో దాన్ని వాడినట్టు తేలితే జరిమానా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా ఉంటుంది. భార్య ముఖం చూడాలనుకున్నవాడికి ఆ చట్టం వర్తిస్తుందా లేదా అన్నది న్యాయవాదులు చర్చించుకోవలసిన విషయం. ఆ భయం మాత్రం లేబర్ క్యాంపులో ప్రతి రాత్రీ ఉంటుంది.

ఇంకో నిబంధన ఉంది, అది మనవాళ్లను సూటిగా తాకుతుంది. అనుమతి లేకుండా ఆన్‌లైన్‌లో విరాళాలు అడగడం యూఏఈ సైబర్ నేరాల చట్టంలో శిక్షార్హం. 2012 చట్టంలోనూ ఉంది, దాని స్థానంలో వచ్చిన 2021 నాటి 34వ నంబరు చట్టంలోనూ ఉంది. తోటి కార్మికుడు చనిపోతే తలా పది దిర్హాములు వేసుకుందామని వాట్సాప్ గ్రూపులో రాయడం మన ఊరి మర్యాద. అక్కడ అది కేసు కావచ్చు. ఎదుటివారి సమ్మతి లేకుండా వారి ఫొటోనో వీడియోనో తీసి పెట్టడమూ నేరమే. ఎడారిలో ఒంటెల దగ్గర చిక్కుకుని, కన్నీళ్లతో సెల్ఫీ వీడియో పంపే మన కుర్రవాడికి అదొక్కటే దరఖాస్తు. ఆ వీడియోలో యజమాని ఇల్లు, బండి, మనుషులు కనబడితే ఫిర్యాది నిందితుడు కావచ్చు. ఈ సంగతి అతనికి తెలుగులో ముందుగా చెప్పినవారు లేరు.

అరబ్బీ మాతృభాషగా ఉన్నవారికి ఈ కట్టడులు లేవని అనుకుంటే పొరపాటు. యూఏఈ మానవహక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్‌ను 2017 మార్చిలో అరెస్టు చేసి, సోషల్ మీడియాలో రాసిన రాతలకు మరుసటి ఏడు పదేళ్ల శిక్ష వేశారు. వలస కార్మికుల తరఫున కూడా మాట్లాడిన మనిషి ఆయన. సౌదీలో ట్వీట్లకు దశాబ్దాల శిక్షలు పడ్డాయి. 2011 జనవరిలో ఈజిప్టు ప్రభుత్వం దేశమంతటా ఇంటర్నెట్‌ను దాదాపు ఐదు రోజులు ఆపేసింది. అరబ్బీ వచ్చిన అరబ్బూ, అరబ్బీ రాని తెలుగువాడూ ఒకే నిశ్శబ్దంలో ఉన్నారు. తేడా ఒక్కటే. అరబ్బుకు తాను ఏ గీత దాటుతున్నాడో తెలుసు.

మన ఇంటి సంగతీ చెప్పుకోవాలి, లేకపోతే న్యాయం కాదు. ఆన్‌లైన్ రాతలకు జైలు వేసే 66ఏ సెక్షన్‌ను మన సుప్రీంకోర్టు కొట్టివేసింది 2015 మార్చి 24న. ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వులను బహిరంగంగా ప్రకటించాలని, నిరవధికంగా సాగించరాదని అదే కోర్టు 2020 జనవరిలో చెప్పవలసి వచ్చింది. ఆ తీర్పుల తర్వాత కూడా మన దేశంలో ఇంటర్నెట్ ఆగుతూనే ఉంది.

భాష తెలియని చోట న్యాయస్థానం ముందు నిలబడటం ఎలా ఉంటుందో సిరిసిల్లకు వేరే చెప్పనవసరం లేదు. 2005లో దుబాయిలో ఒక నేపాలీ మరణానికి సంబంధించిన కేసులో ఇక్కడి కార్మికులు ఐదుగురు జైలుపాలయ్యారు. చివరివారు ఇల్లు చేరేసరికి 2024 వచ్చింది. ఆ కేసు మంచిచెడ్డలు నేను తీర్పు చెప్పగలిగినవి కావు. దుబాయి న్యాయస్థానాల భాష అరబ్బీ అన్నది, చిన్నపిల్లలను వదిలి వెళ్లినవారు పెద్దవాళ్లైన పిల్లల దగ్గరకు తిరిగివచ్చారన్నది మాత్రం మనందరికీ తెలుసు.

ఇవాళ యంత్రానువాదం ఉంది కదా, ఫోను కెమెరా ముందు కాగితం పెడితే తెలుగులో కనిపిస్తుంది కదా అన్న ప్రశ్న సహజం. ఆ సౌకర్యం విలువైనదే. రోడ్డు మీది బోర్డు, మందు సీసా మీది రాత చదువుకోవడానికి అది చాలు. కానీ అరబ్బీకీ తెలుగుకీ మధ్య నేరుగా అనువదించిన పాఠాలు అతి తక్కువ. అందుకే యంత్రం తరచూ ఇంగ్లీషు మీదుగా నడుస్తుంది, రెండు మలుపుల్లో అర్థం జారిపోతుంది. 2017 అక్టోబరులో ఒక పాలస్తీనా నిర్మాణ కార్మికుడు ఫేస్‌బుక్‌లో శుభోదయం చెబుతూ అరబ్బీలో రాసుకుంటే, యంత్రం దాన్ని హీబ్రూలో దాడి చేయమన్నట్టుగా మార్చింది. ఇజ్రాయెల్ పోలీసులు అతన్ని అరెస్టు చేసి, పొరపాటు తెలిశాక వదిలారు. అంత వనరులున్న సంస్థ చేతిలోనే, అంత సామాన్యమైన పలకరింపుకే ఆ గతి పడితే, సెలవుకు జీతం ఉంటుందో లేదో తేల్చే షరతును యంత్రానికి వదిలేయడం క్షేమం కాదు.

1852లో సి.పి. బ్రౌన్ జిల్లా కచేరీల వ్యవహారంలో వాడుకలో ఉన్న అరబ్బీ, పారసీ, హిందుస్తానీ మాటలకు ఒక నిఘంటువు వెలువరించాడు. అది అధికారుల అవసరం కోసం తయారైంది. రైతు అవసరం కోసం అలాంటిది ఎవరూ తయారు చేయలేదు. ఆ లోటును గల్ఫ్ కార్మికుడి విషయంలోనైనా తీర్చవచ్చు. నేను కోరుతున్నది పెద్ద వ్యవస్థ కాదు. కార్మికుడి జీవితంలో ఎదురయ్యే అరబ్బీ పత్రాలు పది, పదిహేను రకాలకు మించవు. ప్రతిపాదన పత్రం, ఒప్పందం, వైద్య పరీక్ష నివేదిక, జీతం రసీదు, రాజీనామా, బకాయిలన్నీ ముట్టాయన్న సంతకం, హురూబ్ నోటీసు, పోలీసు వాంగ్మూలం, కోర్టు సమన్లు, చివరికి మరణ ధ్రువీకరణ. వీటిలో అత్యంత ప్రమాదకరమైనది బకాయిలన్నీ ముట్టాయన్న సంతకమే. తిరుగు టికెట్టు చేతిలో పెట్టి సంతకం చేయమంటే ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత కోర్టులో నోరు పెగలదు.

ఈ పత్రాలకు అరబ్బీ నుంచి నేరుగా, న్యాయం తెలిసినవారు సరిచూసిన తెలుగు పాఠాలు తయారు కావాలి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లోనూ, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం (మనూ)లోనూ అరబ్బీ శాఖలున్నాయి. ట్రిపుల్ ఐటీలో భాషాసాంకేతిక పరిశోధన దశాబ్దాలుగా జరుగుతోంది. జగిత్యాలలో, కోరుట్లలో పదిహేను, ఇరవై ఏళ్లు గల్ఫ్‌లో పనిచేసి అక్కడి వాడుక అరబ్బీని అనర్గళంగా మాట్లాడే డ్రైవర్లు, వంటవాళ్లు ఇంటింటా ఉన్నారు. పండితుడికి వ్యాకరణం తెలుసు. ఆ డ్రైవరుకు కఫీల్ (యజమాని) ఏ మాటను ఏ ఉద్దేశంతో వాడతాడో తెలుసు. వీరిద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టిన సంస్థ ఇంతవరకు నాకు కనబడలేదు. అలా తయారైన పాఠాలు ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునేలా బహిరంగంగా ఉంచితే, యంత్రానువాదాన్ని మెరుగుపరచడానికి కూడా అవే పనికివస్తాయి. తెలుగు వికీపీడియాను 2003 నుంచి జీతం లేని స్వచ్ఛంద సేవకులే లక్ష వ్యాసాలకు పైగా పెంచిన సంగతి మన ముందుంది. మనకు చేతకాని పని కాదిది.

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. అది న్యాయమైన ఉత్తర్వు. అదే ప్రభుత్వం విదేశాంగ శాఖ ద్వారా గల్ఫ్ దేశాల కార్మిక శాఖలకు ఒక లేఖ కూడా రాయాలి. కార్మికుల కోసం ప్రకటించే ప్రతి భాషల జాబితాలోనూ తెలుగు ఉండాలని, అనువాదాలు తామే సరిచూసి అందిస్తామని అందులో హామీ ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ ఆ లేఖ మీద సంతకం చేస్తే బలం రెట్టింపవుతుంది. ఈ సభలో ఉన్నవారిలో గల్ఫ్ నుంచి వచ్చిన ఒప్పందాలు, రసీదులు, నోటీసులు ఇంట్లో దాచుకున్నవారు చాలామంది ఉంటారని నాకు తెలుసు. పేర్లు, నంబర్లు కప్పివేసి వాటి నకళ్లు ఇవ్వగలిగితే పని వాటితోనే ప్రారంభించవచ్చు. ఆ నకళ్లు తీసుకోవడానికి ఈ సభ ముగిశాక నేను ఇక్కడే ఉంటాను.